పడవ ఫ్రిజ్జు, నా సూదిమందు

పడవలో ఫ్రిజ్జు పాడైందని ముందుగా చెప్పింది నా ఒళ్లే.

సాగర్ డ్యామ్ నీళ్ల మీద అది మాకు రెండో రోజు. పొద్దున్న ఉప్మా తినే ముందు ఎప్పటిలాగే ఇన్సులిన్ సూది వేసుకున్నాను. మధ్యాహ్నానికి నాలుక పిడచగట్టుకుపోయింది. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరలేదు. ఎదురుగా ఉన్న కొండలు మసగ్గా కనిపించసాగాయి. వేలు గుచ్చి చూసుకుంటే మీటరు మూడువందల ఎనభై చూపించింది. ఇంకో సూది వేసుకుందామని ఫ్రిజ్జు మూత తీశాను. లోపల దీపం వెలుగుతూనే ఉంది. మందు సీసాలు మాత్రం అప్పుడే పొయ్యి మీంచి దించినట్టు వెచ్చగా తగిలాయి.

మా ఆయన ఇంజను వేసి పడవను ఒడ్డుకు తిప్పారు. అక్కణ్నుంచి కారులో ఎల్బీ నగర్ చేరేసరికి నాకు కూర్చునే ఓపిక కూడా లేదు. మా డాక్టరమ్మ సీసాలు చూసి, "వేడికి చెడిపోయాయి. ఇవి వేసుకున్నా ఒకటే, మంచినీళ్లు వేసుకున్నా ఒకటే" అంది. కొత్త మందు వేసి, చక్కెర దిగేదాకా కూర్చోబెట్టుకుని పంపింది.

ఇంటికొచ్చే దారిలో మా ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నారు: "ఇక నువ్వు పడవలోకి రావడం మానెయ్యడమే మంచిది. నేనొక్కణ్నే వెళ్లొస్తుంటాను."

చెడిపోయింది ఫ్రిజ్జు. మానెయ్యాల్సింది నేనట! ఓపిక లేక ఆ పూటకి ఊరుకున్నాను గానీ, ఆ మాట నా కడుపులో కుంపటిలా రాజుకుంటూనే ఉంది.

మా ఆయన ఓడల్లో ఇంజనీరు. ముప్పై ఏళ్లు ఇంజను గదుల్లో పనిచేశారు. ఆ ముప్పై ఏళ్లూ నేను ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పాను. ఆయన నీళ్ల మీద, నేను నేల మీద. ఏడాదిలో ఎనిమిది నెలలు పిల్లల జ్వరాలూ, నల్లా నీళ్లూ, గ్యాసు బండలూ అన్నీ నేనే చూసుకున్నాను. ఇద్దరం రిటైరయ్యాక ఆయన కాకినాడ వైపు ఒక పాత పడవ కొని, లారీ మీద తెప్పించి బాగుచేసుకున్నారు. ఇరవై రెండు అడుగుల పడవ. లోపల చిన్న గది, పడుకోవడానికి చెరో పక్క ఒక బల్ల, ఒక స్టవ్వు, బల్ల కింద బ్యాటరీతో నడిచే చిన్న ఫ్రిజ్జు. గదిలో ఒకరు నిలబడితే ఇంకొకరు కూర్చోవాలి. అంతే చోటు. నీళ్లున్న నెలల్లో దాన్ని సాగర్‌లో ఉంచి, మూణ్నాలుగు రోజులు అలా తిరిగి వచ్చేవాళ్లం.

మొదటిసారి ఆ బల్ల మీద పడుకుని చెవి కింద నీటి చప్పుడు విన్నప్పుడు నాకు యాభై తొమ్మిదేళ్లు. ఈయన ఇన్నేళ్లూ ఇంటికి ఎందుకు ఆలస్యంగా వచ్చేవారో అప్పుడర్థమైంది. అర్థమై, కోపం కూడా వచ్చింది. ఇంత మంచి చోటు నాకెందుకు చూపించలేదు అని. అలాంటి చోటికి, తీరా రుచి మరిగాక, రావద్దంటే ఎలా?

ఎండలు ముదిరాక పడవను ట్రాలీ మీద తెచ్చి మా ఇంటి పక్క ఖాళీ జాగాలో పెట్టడం మాకు అలవాటు. ఈసారి ముందే తెచ్చేశాం. చూసినవాళ్లందరిదీ ఒకే హాస్యం: "వానలు పడితే మన కాలనీలోనే తిప్పుకోవచ్చు కదా మేడమ్!" మా సందులో మోకాలి లోతు నీళ్లు నిలిచే మాట నిజమే కాబట్టి నాకు నవ్వు రాదు.

కొత్త ఫ్రిజ్జు కొందామని నేనే పట్టుబట్టాను. మెయిన్ రోడ్డు మీద పెద్ద షాపుకి ఇద్దరం వెళ్లాం. వెళ్లే ముందు టేపు పట్టుకుని పడవ గది తలుపు కొలిచాను. అది మామూలు తలుపు కాదు. పైకప్పులో ఉంటుంది, నిచ్చెన మెట్ల మీద లోపలికి దిగాలి. వెడల్పు పద్దెనిమిది అంగుళాలు. బల్ల కింద జాగా కూడా కొలిచి, అన్నీ కాగితం మీద రాసుకున్నాను.

షాపులో ఉన్న సేల్స్ ఆయన నీటుగా ఇస్త్రీ చొక్కా వేసుకుని, నవ్వుతూ ఎదురొచ్చాడు. "చెప్పండి సార్" అన్నాడు. నేనే చెప్పాను: పడవలోకి కావాలి, బ్యాటరీ మీద నడవాలి, లోపల ఇన్సులిన్ పెట్టుకోవాలి, చల్లదనం రెండు డిగ్రీల కంటే తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. ఆయన అంతా విని మా ఆయన వైపు తిరిగాడు.

"సార్, ఈ చిన్నది తీసుకోండి. ఇన్వర్టరు పెట్టుకుంటే ఎక్కడైనా నడుస్తది."

"బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుంది?" అని అడిగాను.

"సార్, మంచిగ ఆగుతది సార్."

"అడిగింది నేను బాబూ."

"అదే మేడమ్, సార్‌కి చెప్తున్న." ఇంకాస్త నవ్వి, మంచి మాట చెప్పేవాడిలా గొంతు తగ్గించాడు. "అయినా మేడమ్‌కి షుగర్ అంటున్నరు కద సార్, ఈ వయసుల నీళ్లల్ల తిరుగుడెందుకు? ఇంట్ల రెస్ట్ తీసుకోవాలె గద."

నాకు చెవుల్లోంచి ఆవిరి వచ్చినంత పనైంది. ఫ్రిజ్జు అమ్మే మనిషికి నా వయసుతో ఏం పని? నేనెక్కడ తిరగాలో ఆయన చెప్పేదేమిటి? అడుగుదామని నోరు తెరిచేలోపే మా ఆయన "సరే, ఇదే ప్యాక్ చెయ్యండి" అన్నారు. కాగితం ఆయన ముందు పెట్టి, "ఇది పందొమ్మిదిన్నర ఉందండీ, తలుపులో పట్టదు" అన్నాను. "కొంచెం వంచితే పడుతుందిలే. నేను ఓడల్లో జెనరేటర్లే దింపాను" అన్నారు.

జెనరేటర్లు దింపిన మనిషి ఆ ఫ్రిజ్జును నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా తిప్పి తిప్పి రెండు గంటలు కుస్తీ పట్టారు. జాగా చుట్టూ గుమిగూడినవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. ఫ్రిజ్జు అంచు సొట్టపోయింది, తలుపు అంచున చెక్క లేచిపోయింది, అది మాత్రం దిగలేదు. లెక్కలు ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పాను. పద్దెనిమిదిలో పందొమ్మిదిన్నర పట్టదని ఇంట్లోవాళ్లకి మాత్రం చెప్పలేకపోయాను.

వెనక్కి తీసుకోమని షాపుకి వెళ్తే, పెట్టె విప్పారు కాబట్టి కుదరదన్నారు. పైగా, పడవలో పెట్టాలని చూశారు కాబట్టి వారంటీ కూడా ఉండదట. "పడవలోకని మొదటే చెప్పాను కదా?" అన్నాను. సేల్స్ ఆయన ఆ రోజు నన్నెప్పుడూ చూడనట్టే మొహం పెట్టాడు. రెండోసారి వెళ్లి మేనేజరుతో కూడా పోట్లాడాను. "సార్‌ని పంపించండి మేడమ్, మాట్లాడదాం" అన్నాడాయన. ఆ ఫ్రిజ్జును చివరికి పక్కింటి టైలరమ్మ తీసుకుంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుందని ఆవిడకి తెలుసు కాబట్టి, వాళ్లింటికి వెళ్తే దాని ముందు కుర్చీ వేసి కప్పెయ్యడం కూడా మరిచిపోదు.

ఇదంతా జరిగిన వారానికి కర్మన్‌ఘాట్ గుడి దగ్గర ఒక ఐస్‌క్రీమ్ బండి చూశాను. మిట్టమధ్యాహ్నం, తారు కరిగే ఎండ. బండివాడు మూత తీస్తే లోపల్నుంచి పొగలా చలి లేచింది. పుల్ల ఐసు రాయిలా ఉంది. అప్పుడు తోచింది నాకు. ఇది కూడా బ్యాటరీ మీద నడిచేదే కదా, కదిలే బండే కదా!

"దీన్ని ఎవరు బాగుచేస్తారు బాబూ?" అని అడిగాను.

"దిల్‌సుఖ్‌నగర్ల ఒకాయన ఉన్నడమ్మా. మా బండ్లన్నీ ఆయన దగ్గర్కే పోతయి" అని గుర్తులు చెప్పాడు.

ఈసారి మా ఆయనకి చెప్పలేదు. ఆటో ఎక్కి ఒక్కదాన్నే వెళ్లాను. కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక సన్నటి సందులో ఉంది ఆ దుకాణం. గుమ్మం నిండా విప్పి పడేసిన రాగి గొట్టాలు. మెకానిక్‌కి నలభై అయిదేళ్లుంటాయి. నల్లగొండ వైపు పల్లెనుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాడట. నేను చెప్పింది మొత్తం విన్నాడు. పడవ అంటే నవ్వలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు.

"మందు ఎంత చల్లగ ఉండాలమ్మా? గడ్డగడితే ఖరాబైతదా?"

నెల రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గడ్డకడితే కూడా పాడవుతుందని చెప్పాను. "అయితే ఒకసారి చూడాలె" అని, మరునాడు పొద్దున్నే తన స్కూటరు మీద సంచీతో మా జాగాకి వచ్చాడు.

మా ఆయన చేతులు కట్టుకుని పడవ పక్కన నిలబడ్డారు. "కంప్రెసర్ పోయింది. నేను చూశాను. బ్యాటరీ బాగుంది, ఫ్రిజ్జు దగ్గర కరెంటు పన్నెండున్నర వోల్టులు వస్తోంది. కొత్తది బిగిస్తే చాలు" అన్నారు.

"కంప్రెసర్ పోయినమాట నిజమే సార్" అన్నాడు మెకానిక్, పాత ఫ్రిజ్జును విప్పి చూసి. "ఎందుకు పోయిందో చూద్దాం. లేకుంటె కొత్తది గూడ గట్లనే పోతది."

సంచిలోంచి రెండు పెద్ద హెడ్‌లైట్ బల్బులు తీసి, ఫ్రిజ్జుకి వచ్చే తీగలకు తగిలించాడు. బల్బులు నీరసంగా వెలిగాయి. మీటరు పెట్టి, "చూడుండ్రి సార్" అన్నాడు. పది. బ్యాటరీ దగ్గర పెట్టి చూపించాడు. అక్కడ పన్నెండున్నరే ఉంది.

"ఏం నడవనప్పుడు చూస్తే ఈడ గూడ మస్తుగనే కనవడతది సార్. లోడు పడ్డప్పుడు చూడాలె." బల్ల కింద పలకలు విప్పి తీగ బయటికి లాగాడు. ఇంజను దగ్గర బ్యాటరీ నుంచి పడవ అంచు చుట్టూ తిరిగి ముందుకి వచ్చిన తీగ. "గిదేంది సార్, గింత సన్నటి తీగనా? ఇది ఇంట్ల బల్బుకు ఏసేది. మూడో అంతస్తుకు సన్న పైపు ఏస్తే నల్లా ఒస్తదా? మిషిన్ లేవాలని చూస్తది, బలం సాలదు, పడిపోతది, మళ్ల లేస్తది. గట్ల కొట్టుకొని కొట్టుకొని సచ్చింది. దీపానికి గంత బలం అక్కర్లేదు గాబట్టి అది ఎలుగుతనే ఉంటది. మీకేమో అంత మంచిగనే ఉన్నట్టు కొడ్తది."

"ఎవరు ఏసిండ్రు ఈ వైరింగు?" అని కూడా అడిగాడు పాపం, తెలియక.

ఎవరు వేశారో నాకు తెలుసు. మా మేడ మీద గది కట్టినప్పుడు మిగిలిన తీగ చుట్ట అది. "వృథా ఎందుకు" అంటూ మా ఆయనే స్వయంగా లాగారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన మీటరు వైపు చూస్తున్నారు. కదలకుండా ఉన్న ఆ ముల్లు వైపు అంతసేపు చూడాల్సిన పనేం లేదు.

మెకానిక్ టీ తాగడానికి రోడ్డు మీదికి వెళ్లాక ఇక ఆగలేకపోయాను. "మీ తీగ వల్ల నా మందు చెడింది. మందు చెడితే నా ప్రాణం మీదికొచ్చింది. ప్రాణం మీదికొస్తే, మీరు నన్ను ఇంట్లో కూర్చోమన్నారు! తీగని మార్చాలని తోచలేదు గానీ, మనిషిని మానిపించాలని మాత్రం తోచింది."

"నాకేం తెలుసు అదని..."

"తెలియకపోతే తెలియదనండి. నేను కొలత చెప్తే ఓడల్లో జెనరేటర్లంటారు. ముప్పై ఏళ్లు నేను ఇంట్లో ఉన్నది నాకు ఇల్లు ఇష్టమని కాదు. వేరే దారి లేక. ఇప్పుడు దారి దొరికింది. అందులోంచి నన్ను దింపుదామని చూడకండి."

పక్క మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ బట్టలారెయ్యడం ఆపేసింది. విననీ అనుకున్నాను. మా ఆయన తల దించుకుని, లాగిన తీగను మోచేతికి చుట్టసాగారు. చుట్టడం పూర్తయ్యాక, "లావు తీగ నేనే తెస్తాను. ఎంత లావుదో అతన్ని అడిగి రాసివ్వు" అన్నారు. క్షమించమని అనలేదు. ఆ మాట ఆయన నోట ఈ జన్మలో వినలేదు. కానీ ఆ రోజే మలక్‌పేట దాకా వెళ్లి, రాసిచ్చిన దానికంటే ఒక సైజు లావుదే తెచ్చారు.

పాత పెట్టె చలి నిలపదని పక్కన పెట్టిన మెకానిక్, కొత్త ఫ్రిజ్జును బయట తయారుచేసి తేలేదు. పడవ లోపలే కట్టాడు. మందపాటి తెల్లటి ఫోము పలకలు కోసుకొచ్చి, ఒక్కొక్కటే ఆ పద్దెనిమిది అంగుళాల తలుపులోంచి దింపి, బల్ల కింద పెట్టెలా అతికించాడు. పక్కకి తెరుచుకునే తలుపు వద్దన్నాడు. "చల్లగాలి బరువు గద అమ్మా, తలుపు తీస్తే కాళ్ల మీద పోస్కున్నట్టే. మూత పైనుంటే లోపల్నే ఉంటది." ఐస్‌క్రీమ్ బండ్లకు వాడే చిన్న కంప్రెసరు, దాని వేడి బయటికి పోవడానికి బల్లకి ఒక జాలీ, ఒక ఫ్యానూ బిగించాడు. మందుకి విడిగా ఒక అర చేశాడు, చల్లటి పలకకు దూరంగా, గడ్డకట్టకుండా. ఉక్కతో లోపల కుంపట్లో కూర్చున్నట్టుండేది. నేను పైనుంచి మజ్జిగ అందించేదాన్ని, కొలతలు చదివి చెప్పేదాన్ని.

మూడో రోజు ఆ అర అతికిస్తూ, తలెత్తకుండానే అన్నాడు. "మా ఇంట్ల ఆమెకు గూడ గిదే సూది అమ్మా. ఆరేండ్ల సంది."

"అయ్యో. మరి ఎక్కడికైనా వెళ్లాలంటే ఎలా?"

"ఎక్కడ పోతదమ్మా. వాళ్ల అమ్మగారి ఊర్ల కరెంటు సక్కగుండదు. మందు ఖరాబైతదని భయం. మూడేండ్లాయె పోక. మొన్న చెల్లె పెండ్లికి గూడ పొద్దుగాల పోయి సాయంత్రం ఒచ్చేసింది."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. "ఐస్‌క్రీములకి చలిపెట్టెలు చేస్తారు. నాకు చేస్తున్నారు. ఇంట్లో మనిషికి ఒకటి చెయ్యాలని ఆరేళ్లలో తోచలేదా?"

అతను నా వైపు చూసి, మళ్లీ పలక వైపు చూశాడు. "పనుల పరేషాన్ల..." అని ఆగిపోయాడు.

"పెళ్లికి పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చేసిందంటే, చెల్లెలి అప్పగింతలు కూడా చూసి ఉండదు. తెలుసా మీకు?"

అనకూడదేమో. సొంత మనిషి కాదు, మంచివాడు, నా పని శ్రద్ధగా చేస్తున్నాడు. కానీ నా కోపం అప్పటికే ఎవరి గుమ్మం ముందైనా ఆగే దశ దాటిపోయింది. పక్కన మా ఆయన తీగ మరలు ఇంకా గట్టిగా బిగించసాగారు. సాయంత్రం వెళ్తూ మెకానిక్ మిగిలిన ఫోము ముక్కలు చూపించి, "ఇవి తీస్కపోనా అమ్మా?" అని అడిగాడు. తీసుకెళ్లమన్నాను.

పని పూర్తయ్యాక నేను వెంటనే నమ్మలేదు. ఒక సీసాలో నీళ్లు పోసి, అందులో థర్మామీటరు పెట్టి, మందు అరలో ఉంచాను. పడవను ఎండలోనే వదిలేసి, మూడు రోజుల పాటు పూటపూటకీ చూసి నోటు పుస్తకంలో రాసుకున్నాను. జాగాలో ఇనుప ట్రాలీ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. సీసాలో మాత్రం నాలుగూ, అయిదూ, నాలుగూ. ఒక్కసారి ఆరు, మూత ఎక్కువసేపు తీసి ఉంచినందుకు. పుస్తకం తెచ్చి మా ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివి, "ఇంజను గదిలో కూడా ఇంత జాగ్రత్తగా రాసేవాళ్లు కాదు" అన్నారు.

ఆ తర్వాత నాలుగైదు రోజులకి ఒక ఫోను వచ్చింది. తెలియని ఆడగొంతు.

"అమ్మా, నేను ఫ్రిజ్ మెకానిక్ భార్యను. మీరు ఆయన్ను తిట్టిండ్రంట గద?"

"అదీ... నోరు జారాను తల్లీ" అన్నాను.

"మంచిగ జారిండ్రమ్మా!" అని పకపకా నవ్వింది. "డబ్బా చేసిచ్చిండు. సైకిల్ మోటర్ బండి బ్యాటరీ పెట్టిండు. అమ్మగారి ఊర్కి ఒచ్చిన. పది దినాలుంట. జర మీక్కూడ చెప్దామని చేసిన." వెనక కోళ్ల అరుపులూ, ఎవరో ఆవిణ్ని పిలవడమూ వినిపించాయి. "ఒస్తున్న, ఒస్తున్న" అంటూ ఫోను పెట్టేసింది.

వానలు పడి సాగర్‌లో నీళ్లు చేరాక మళ్లీ వెళ్లాం. బయల్దేరే ముందు మా ఆయన నన్ను రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. నా సంచీ తీసుకెళ్లి కారులో పెట్టారు. నాలుగు రోజులున్నాం. పొద్దున్నే మూత తీసి, చల్లటి మందు తీసి సూది వేసుకుని, పడవ ముందు భాగంలో కూర్చునేదాన్ని. ఏ పూటా మీటరు నన్ను భయపెట్టలేదు.

మూడో రోజు ఒక గుండ్రటి పుట్టి మా పడవ పక్కకి వచ్చింది. చేపలు పట్టే ఆలుమగలు. ఆవిడ తెడ్డు ఆపి, నన్ను ఎగాదిగా చూసి, "నీళ్లమీదనే ఉంటుండ్రా ఇద్దరు?" అని అడిగింది. చల్లటి నీళ్లిస్తే గటగటా తాగి, "అబ్బ, ఐసు లెక్క ఉన్నయి" అని రెండు చేపలు తీసి మా పడవలో వేసింది. వద్దన్నా వినలేదు.

మా ఆయన ఆ చేపలు పట్టుకుని ఉత్సాహంగా లోపలికి దిగారు. "ఒకటి ఇప్పుడు వండుకుందాం, రెండోది ఫ్రిజ్జులో నీ మందు పక్కన పెడతాను" అన్నారు.

"ఏమన్నారూ?" అన్నాను.

నా గొంతు విని మెట్ల మీదే ఆగిపోయారు. ఒక్క క్షణం ఆలోచించి, పైకొచ్చి, రెండు చేపలూ కడగడం మొదలుపెట్టారు. నేను ఉల్లిపాయలు తరిగాను. రెండూ ఆ పూటే పులుసు పెట్టుకుని తినేశాం.